ఆరు గీతల ఆలస్యం

లైప్‌జిగ్
1887 అక్టోబరు 23

నాన్నకు, ఆయన భుజం మీంచి తొంగిచూస్తూ చదివే అమ్మకు,

అమ్మ పంపిన ఉన్ని మేజోళ్లు అందాయి. ఒకటి రెండోదానికంటే నాలుగు వేళ్లు పొడుగుంది. ఎడమకాలు పొడుగున్న కొడుకు అమ్మకు ఇంకెవరైనా ఉన్నాడేమో కనుక్కోండి. రేగుపళ్ల జామ్ మాత్రం మూడు రోజుల్లో అయిపోయింది. అందులో సగం స్టోయన్ తిన్నాడు. బల్గేరియా నుంచి వచ్చి నాతోపాటు ప్రయోగశాలలో పనిచేస్తున్న కుర్రాడని ఇంతకుముందే రాశాను కదా.

పోయిన సెలవుల్లో పాస్టరుగారు నన్ను ఆపి, "ఏమయ్యా, అక్కడ మనసును తక్కెడలో పెట్టి తూస్తున్నారట!" అని నవ్వారు. తూచడం లేదని చెప్పండి. కొలుస్తున్నాం. ఒక పెద్ద పళ్లెం ఉంటుంది, దాని అంచు చుట్టూ గీతలు. ముల్లు ఒక్కో గీత దాటడానికి సెకనులో పదోవంతు పడుతుంది. తిరుగుతూ ఉండగా ఎక్కడో ఒకచోట గంట మోగుతుంది. గంట వినపడినప్పుడు ముల్లు ఏ గీత మీద ఉందో కుర్చీలో కూర్చున్న పరిశీలకుడు చెప్పాలి. పని అంతే. అయినా ఒక్కడూ సరిగ్గా చెప్పడు. నా వంతు పరిశీలనలన్నీ అయ్యాక లెక్క చూస్తే, నేను ఎప్పుడూ నాలుగు గీతలు ఆలస్యంగా చెప్పానని తేలింది. స్టోయన్ రెండు గీతలు ముందే చెప్పేస్తాడు, అంటే మోగని గంటను వింటాడన్నమాట. ఇద్దరికీ కళ్లున్నాయి, చెవులున్నాయి, ఇద్దరం తాగి లేము. ఎవడి తేడా వాడిది. అది వాడి ముక్కులాగా వాడితోనే ఉంటుందని నా అనుమానం. ఈ అనుమానాన్నే సిద్ధాంత గ్రంథంగా రాద్దామని దిగాను.

ఈ తేడా మీద మొదట గొడవపడింది నక్షత్రాలు చూసేవాళ్లు. అందుకని గ్రంథాలయంలో పాత వేధశాలల సంపుటాలు తిరగేస్తున్నాను. నిన్న 1865 సంపుటం ఒకటి చేతికొచ్చింది. మీరు పనిచేసిన వేధశాలదే. అందులో పుట అడుగున చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "సహాయకుడు ఫె. నమోదు చేసిన కాలాలు అజాగ్రత్త వల్ల నమ్మదగినవి కావు. అన్నింటినీ తొలగించాం."

నాన్నా, ఫె. అంటే ఫెర్బరే కదా? కప్పు తెరిచిన గదిలో చలికి ఛాతీ పాడై ఆ ఉద్యోగం మానేశానని మీరు మాకు చెప్పారు. బల్ల మీద గిన్నె పెట్టేటప్పుడు కూడా చప్పుడు కానివ్వని మనిషి మీరు. మీకు అజాగ్రత్తా? ఆ పుస్తకం మూసేసి గదికి వచ్చేశాను.

కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా సరే, జవాబు రాయండి.

అన్సెల్మ్


గ్రూన్‌హైన్
1887 నవంబరు 6

మా ఇంటి ఒక్కగానొక్క పండితుడికి,

మేజోళ్ల సంగతి మీ అమ్మకు చదివి వినిపించాను. "పొడుగుది వాడి మేధస్సు ఉన్న వైపు వేసుకోమనండి" అంది. నాకైతే అర్థం కాలేదు. నీకు అర్థమైతే ఆ శాస్త్రం నిజంగానే గొప్పది.

ఫె. నేనే. అందులో దాచేదేముంది? నా ఛాతీ బలహీనమన్నదీ నిజమే, డైరెక్టరు రూడ్‌లోఫ్‌గారికి నా కాలాలు నచ్చలేదన్నదీ నిజమే. ఆయన న్యాయమైన మనిషి. నువ్వు రెండేళ్లవాడివి, పళ్లు వస్తూ రాత్రీ పగలూ ఏడ్చేవాడివి, మేం ఎక్కడో ఒకచోట బతకాలి. పియానోలు శృతి చేయడం మా మామయ్య దగ్గర ముందే నేర్చుకుని ఉన్నాను. ఇరవైరెండేళ్లుగా ఈ కొండల్లో చర్చి ఆర్గన్లు, ఆడపిల్లల పియానోలు శృతి చేస్తూ బాగానే ఉన్నాను. నాకేం తక్కువైంది?

కాబట్టి ఆ సంపుటం ఎక్కణ్ణుంచి తీశావో అక్కడే పెట్టెయ్యి. సిద్ధాంతానికి ఇంకేదైనా విషయం చూసుకో. ఉదాహరణకి, పాస్టరుగారి భార్య పియానో శృతి తప్పిందని ఊరందరికీ వినపడి, ఆవిడ ఒక్కదానికే ఎందుకు వినపడదో కొలువు. సోమవారం మళ్లీ వెళ్లాను. లోపల ఎలుక కాపురం పెట్టి పిల్లల్ని కనింది. నేను తీసేస్తుంటే ఆవిడ "పాపం, ఎక్కడికి పోతాయండీ!" అని కన్నీళ్లు పెట్టుకుంది.

సాసేజీలు పంపుతున్నాను. బల్గేరియా అబ్బాయికీ పెట్టు, కానీ సగం మాత్రం పెట్టకు.

నాన్న

అమ్మ రాస్తున్నది: బాబూ, నీ ఉత్తరం ఈయన మూడుసార్లు చదివారు. తర్వాత వెళ్లి మన పియానో విప్పి శృతి చేశారు. దానికి మొన్న గురువారమే చేశారు. నువ్వు ఇంకోసారి అడుగు.


లైప్‌జిగ్
1888 జనవరి 15

నాన్నా,

మీరు వద్దన్నారు, నేను అడుగుతున్నాను. ఈ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలియదా?

మా పరిశీలకులు ఎనిమిదిమంది. మూడు నెలలుగా ఒక్కొక్కరిని వందలసార్లు కూర్చోబెట్టాను. ఎవరి తేడా వారికి స్థిరంగా ఉంది. కాఫీ తాగినా, తాగకపోయినా, నిద్ర సరిపోయినా, సరిపోకపోయినా, స్టోయన్‌కు ప్రేమలేఖ వచ్చినా రాకపోయినా రెండు గీతలు రెండు గీతలే. ఇది నిజమైతే, మీ కాలాలు వేరుగా వచ్చింది అజాగ్రత్త వల్ల కాదు నాన్నా. మీ తేడా అంత, డైరెక్టరుగారి తేడా ఇంత. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సరిపోయేది. దాని కోసం మిమ్మల్ని ఇంటికి పంపించారు! ఒక మనిషి తన ముక్కు పొడుగుందని పని పోగొట్టుకోవడం ఎక్కడైనా ఉందా?

అందుకే నాకు మీరు కావాలి. నక్షత్రం దుర్భిణిలోని తీగను దాటే క్షణాన్ని గడియారం చప్పుడుతో కలిపి లెక్కపెట్టడంలో ఆరేళ్లు ఆరితేరినవాళ్లు ఇక్కడ ఒక్కరూ లేరు. మాకు చదువు చెప్పే డాక్టర్ హోల్ట్‌హౌస్‌గారిని అడిగాను. ఇక్కడ కుర్చీలో కూర్చునేది మేమే, అంటే విద్యార్థులమూ అధ్యాపకులమూ. బయటివాళ్లను రానివ్వరు. ఆయన గడ్డం గోక్కుని, "మీ నాన్నగారు చెవితో బతికే మనిషి కదా, రమ్మనండి" అన్నారు. ఒకటే నియమం. మొత్తం అయ్యేదాకా పరిశీలకుడికి వాడి అంకెలు చెప్పకూడదు. అది అందరికీ ఉన్నదే.

ఈస్టరుకు రండి. ఐదు రోజులు. నా గదిలో మంచం మీకు, నేల నాకు. మీ పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోవడం నాకు సహించడం లేదు. ఇంతకంటే చక్కగా చెప్పడం నాకు చేతకాదు.

అన్సెల్మ్


గ్రూన్‌హైన్
1888 ఫిబ్రవరి 12

అన్సెల్మ్,

వస్తాను. మీ అమ్మ మూడు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. లేసు అల్లే కర్రలు టకటకలాడిస్తూ నావైపు చూసేది. ఆ చప్పుడులో ఎన్ని తిట్లు ఉంటాయో ఆరేళ్లు గడియారం చప్పుడు విన్నవాడికి కూడా లెక్క అందదు.

షరతులు రాస్తున్నాను. నన్ను అక్కడెవరూ సహాయకుడుగారూ అనకూడదు. వేధశాల మాట ఎత్తకూడదు. నేను నీ తండ్రిని, పియానోలు శృతి చేసేవాణ్ణి, అంతే. నేల మీద నేను పడుకుంటాను.

ముందే ఒక మాట. నువ్వు అనుకున్నది తేలకపోతే మొహం ముడుచుకోకు.

నాన్న


లైప్‌జిగ్
1888 ఏప్రిల్ 10

ప్రియమైన నాన్నా,

క్షేమంగా చేరారని అమ్మ కార్డు రాసింది. రైల్లో కిటికీ దగ్గర కూర్చుని జలుబు తెచ్చుకున్నారట. నేను పదిసార్లు చెప్పాను.

మీరు వెళ్లాక గది పెద్దదైపోయింది. స్టోయన్ మీ గురించే మాట్లాడుతున్నాడు. చక్రవర్తిగారు పోయారని వీధి నిండా నల్లగుడ్డలు వేలాడుతుంటే మీరు, "ఒక్కాయన పోయినందుకు ఇన్ని గజాలా? మా ఆవిడ చూస్తే పెట్టికోటులు కుట్టించేది" అన్నారట కదా. అది వాడు ప్రయోగశాల మొత్తానికి చెప్పాడు. హోల్ట్‌హౌస్‌గారు కూడా నవ్వి, వెంటనే తలుపు వైపు చూశారు.

మొదటి రోజు నేను చేసిన పొరపాటుకు ఆయన నన్ను మందలించారు. అరవై పరిశీలనలు కాగానే నేను ఆగలేక, "నాన్నా, ఆరు! ప్రతిసారీ ఆరు గీతలే ఆలస్యం! రాయిలా ఉన్నారు మీరు!" అని అరిచేశాను కదా. నియమం ప్రకారం చెప్పకూడదు. కానీ పర్వాలేదు. మిగిలిన నాలుగు రోజుల అంకెలూ లెక్కగట్టాను. అన్నీ అలాగే వచ్చాయి. ఐదు రోజులూ ఆరు గీతలే. అనుకున్నట్టే తేలింది నాన్నా. ఇక నిశ్చింతగా ఉండండి.

జులైలో గ్రంథం ఇచ్చేస్తాను. దక్షిణాన ఒక విశ్వవిద్యాలయంలో కొత్తగా ఇలాంటి ప్రయోగశాలే పెడుతున్నారు, అప్పటికి పట్టా చేతికొస్తే నన్ను తీసుకుంటామన్నారు. అమ్మకు చెప్పండి.

మీ అన్సెల్మ్


గ్రూన్‌హైన్
1888 మే 1

అన్సెల్మ్ బాబూ,

నీ ఉత్తరం అందిన రోజు నుంచి జవాబు రాద్దామని కూర్చోవడం, లేచిపోవడం. ఈరోజు లేవకుండా రాస్తాను.

నువ్వు నాకు అబద్ధం రాశావు. కోపంతో అనడం లేదు. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పటి నుంచీ రాదు. జామ్ సీసా ఖాళీ చేసి, మూత గట్టిగా బిగించి పెట్టేవాడివి. నీ ఉత్తరంలో "పర్వాలేదు" అన్న మాట చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా నాకు ముందే తెలుసు కదా. ఆ అంకెలు చెప్పింది నా నోరే. రెండో రోజు నుంచి నేను ఏం చెప్పానో నాకు తెలియదా?

"ఆరు" అని నువ్వు అరిచినప్పుడు నీ మొహం చూడాల్సింది. నీకు కొత్త బూట్లు కొన్నప్పుడు కూడా అంత సంతోషం లేదు. నేను మాత్రం కుర్చీ చేతులు పట్టుకున్నాను. అదే మాట, అదే అంకె. 1864 శరదృతువులో రూడ్‌లోఫ్‌గారు నా పుస్తకం పక్కన తన పుస్తకం పెట్టి, "ఫెర్బర్, మీరు నాకంటే సెకనులో ఆరు పదోవంతులు వెనకబడుతున్నారు. జాగ్రత్తగా చూడండి" అన్నారు. అరవలేదు, తిట్టలేదు. చాలా మర్యాదగా అన్నారు.

అప్పటిదాకా నేను కనపడింది రాసేవాణ్ణి. ఆ తర్వాత, నక్షత్రం తీగ మీదికి రాకముందే నా ఒళ్లంతా బిగుసుకుపోయేది. ముందు చూడాలి, ముందు వినాలి. కొన్నాళ్లు కంటితో ప్రయత్నించాను. అవలేదు. క్రిస్మస్ దాటాక, ఏం చేశానంటే, కనపడిన కాలంలోంచి ఆరు పదోవంతులు తీసేసి రాయడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. కొన్ని రోజులు తీసేవాణ్ణి, కొన్ని రోజులు సిగ్గేసి తీసేవాణ్ణి కాదు. వసంతం వచ్చేసరికి ఏది కన్ను చూసిందో ఏది కలం కల్పించిందో నాకే తెలియకుండా పోయింది. రూడ్‌లోఫ్‌గారు పోల్చి చూస్తే ఒకరోజు ఆరు, ఒకరోజు సున్నా, ఒకరోజు తొమ్మిది. ఆయన దాన్ని అజాగ్రత్త అన్నారు. దొంగరాత అనాల్సింది. ఆయన మంచివాడు కాబట్టి అజాగ్రత్త అన్నారు.

ఇది మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడిదాకా రాసి ఇందాకే ఆమెకు చదివి వినిపించాను. లేసు అల్లడం ఆపకుండా వింది. అంతా విని, "ఇంతేనా? ఇరవైమూడేళ్లుగా అక్కడెవతో ఉండేదని అనుకున్నాను" అంది. తర్వాత లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

నీ ప్రయోగశాలలోనూ అదే చేశాను. రెండో రోజు గంట మోగింది, ముల్లు ముప్పైనాలుగు మీద కనపడింది, నా నోరు ఇరవైఎనిమిది అంది. నేను అనుకోలేదు, అదే అంది. ఈసారి డైరెక్టరుగారి కోసం కాదు. నా కొడుకు ముందు నేను వెనకబడినవాడిలా కనపడకూడదని. ఇంకో గంటకు సిగ్గేసి మానేశాను. మళ్లీ మొదలుపెట్టాను. నీ కాగితం మీద ఆ అంకెలు ఎలా గెంతి ఉంటాయో నేను ఊహించగలను.

ఇప్పుడు అదే పని నువ్వు చేస్తున్నావు. గెంతే అంకెల్ని నా కోసం నిలబెట్టావు. నా మీద ప్రేమతోనే చేశావు, అది నాకు తెలుసు. నేను మర్యాద కోసం చేశాను, నువ్వు ప్రేమ కోసం చేశావు, తేడా అంతే. బాబూ, ఆ దారిలో వెళ్తే ఏమవుతుందో నన్ను చూడు. ఎవరూ పట్టుకోకపోయినా పుస్తకం మూసిన ప్రతిసారీ మనకు తెలుస్తుంది. నీకు ఆ బతుకు వద్దు.

నిజం అంకెలు పంపు. చూస్తాను. నాకేం కాదు.

నాన్న


లైప్‌జిగ్
1888 మే 20

నాన్నా,

మీ ఉత్తరం చదివి మీ దగ్గరికి వచ్చేద్దామని స్టేషను దాకా వెళ్లాను. రైలు వెళ్లిపోయింది. వచ్చి ఈ అంకెలు రాస్తున్నాను.

మొదటి రోజు అరవై: అన్నీ ఐదున్నరకీ ఆరున్నరకీ మధ్యలో ఉన్నాయి. రెండో రోజు: ఆరు, ఒకటి, సున్నా, ఏడు, ముందుకు రెండు, ఎనిమిది. మూడో రోజు ఇంకా ఘోరం. ఐదో రోజు కొంచెం తగ్గింది కానీ మొదటిరోజులా లేదు. ఇవి చూసి నేను మీకు అబద్ధం రాశాను. క్షమించమని అడగను, మీరు ముందే క్షమించేశారు, అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

మీ ఉత్తరం పక్కన పెట్టుకుని చూస్తే నాకు ఒక సంగతి తట్టింది. మిమ్మల్ని పాడుచేసింది చలి కాదు, ఛాతీ కాదు, మీరు రాసిన ఆ దొంగరాత కూడా కాదు. పాడుచేసింది "మీరు వెనకబడుతున్నారు" అన్న మాట. మొదట రూడ్‌లోఫ్‌గారు అన్నారు, తర్వాత నేను అన్నాను. మర్యాదగా ఆయన, సంతోషంగా నేను. రెండుసార్లూ మీరు మొదట రాయిలా ఉన్నారు, చెప్పాకే కదిలారు. అంకెలు చెప్పకూడదన్న నియమం మాకు ఎవరో పెట్టారు, మేం పాటిస్తున్నాం, ఎందుకో ఎవరూ చూపించలేదు. మీరు చూపించారు.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి, రెండూ మీ చేతిలో ఉన్నాయి.

హోల్ట్‌హౌస్‌గారికి అంతా చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "నియమం తప్పింది మీరు కాబట్టి, ఆ నాలుగు రోజులు లెక్కలోకి రావు. తీసెయ్యండి. మొదటిరోజు అరవై చాలు, మీ నాన్నగారిది స్థిరమైన తేడా అని రుజువవుతుంది. ఎవరూ అడగరు" అన్నారు. అలా చేస్తే జులైలో పట్టా, అక్కడ ఉద్యోగం. అడుగున ఉన్న ఆ చిన్న అక్షరాలకు జవాబుగా మీ పేరు శుభ్రంగా నిలుస్తుంది. నియమం ప్రకారం అది తప్పు కూడా కాదు.

లేదా మొత్తం అచ్చు వేయాలి. ఐదు రోజులూ, నేను అరిచిన అరుపూ, తర్వాత అంకెలు గెంతడమూ. ఎవరి తేడా వాడి ముక్కులాగా ఎప్పటికీ వాడితోనే ఉంటుందన్న నా సిద్ధాంతం మధ్యలో విరిగిపోతుంది. దాన్ని తిరిగి కట్టాలంటే మిగతావాళ్లందరినీ మళ్లీ కూర్చోబెట్టి, కొందరికి చెప్పి, కొందరికి చెప్పకుండా, మళ్లీ కొలవాలి. ఏడాది పడుతుంది. ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అది పర్వాలేదు. కానీ ఫె. అనే మనిషి నాలుగు రోజులు తప్పులు చెప్పాడని అచ్చులో ఉంటుంది. మిమ్మల్ని ఎరిగినవాళ్లు చదువుతారు.

నేను మీ పేరు కడగడానికి దిగి, దాన్ని ఇంకోసారి అచ్చేసేవాణ్ణి అవుతానేమోనని భయంగా ఉంది. మీరు ఏది చెబితే అదే. నిజంగా.

అన్సెల్మ్


గ్రూన్‌హైన్
1888 మే 27

అన్సెల్మ్,

మొత్తం వెయ్యి.

నీ హోల్ట్‌హౌస్‌గారు మంచివాడిలాగే ఉన్నాడు. రూడ్‌లోఫ్‌గారూ మంచివాడే. మంచివాళ్లు ఒక పని సుఖంగా అయిపోవాలని కోరుకుంటారు. ఆ నాలుగు రోజులు తీసేస్తే నాలో మిగిలేది ఏముంది? నా జీవితమంతా ఆ నాలుగు రోజులే. మొదటిరోజులాంటి రోజులు నాకు ఆరేళ్లున్నాయి, వాటి గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

వేధశాలలో తీసేసి రాసిన సంగతి కూడా రాయి. నేను నీకు రాసిన మాటల్లోనే రాయి, మెత్తబరచకు. ఫె. అని కాదు, పూర్తిపేరు పెట్టు. ఎబర్‌హార్డ్ ఫెర్బర్, పియానో శృతిగాడు, గ్రూన్‌హైన్. చదివి నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. మన ఊళ్లో శాస్త్ర గ్రంథాలు చదివేది పాస్టరుగారొక్కరే, ఆయనకు నా గురించి ఇంతకంటే ఘోరమైనవి తెలుసు.

ఇంకోమాట. నీ ఉత్తరంలో నువ్వు "పాడుచేసింది ఆ మాట" అని రాశావే, అది నేను పొలాల మీదుగా బెయర్‌ఫెల్డ్ చర్చికి నడుస్తూ మళ్లీ మళ్లీ అనుకున్నాను. ఆర్గను ముందు కూర్చుని, శృతి చేయాల్సిన గొట్టాలు మర్చిపోయి, చాలాసేపు ఏడ్చాను. చర్చి ఊడ్చే ఆవిడ వచ్చి, "ఆర్గను అంత పాడైందా?" అని కంగారుపడింది. "లేదమ్మా, బాగానే ఉంది" అన్నాను. ఇరవైమూడేళ్లలో ఎవరూ నన్ను ఎందుకు అలా చేశావు అని అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. నువ్వు అడిగావు.

ఏడాది పడుతుందన్నావు. పట్టనీ. ఉద్యోగం పోతే పోనీ, సాసేజీలు ఉన్నాయి.

నాన్న

అమ్మ: ఈసారి రెండు మేజోళ్లూ పొట్టివి వచ్చాయి. సమానంగా ఉన్నాయి కాబట్టి నోరెత్తకు.


లైప్‌జిగ్
1889 జూన్ 16

నాన్నా,

ఇదిగో పుస్తకం. అరవైఎనిమిది పుటలు. అమ్మ దీన్ని కాఫీ కుండ కింద పెడుతుందేమో చూడండి.

ఎనిమిదిమందిని మళ్లీ కూర్చోబెట్టాను. నలుగురికి మధ్యలో వాళ్ల తేడా చెప్పాను, నలుగురికి చెప్పలేదు. చెప్పనివాళ్లు కదల్లేదు. చెప్పినవాళ్లలో ఒక్కడూ నిలవలేదు. స్టోయన్‌కు ముందే మొత్తం తెలుసు, "నేను తీసెయ్యనురా, మా అమ్మ మీద ఒట్టు" అని కుర్చీలో కూర్చున్నాడు. చెప్పిన మర్నాడే వాడి అంకెలు నాలుగు ముందుకి, ఐదు వెనక్కి ఎగిరాయి. బయటికి వచ్చి గోడకి ఆనుకుని, "మీ నాన్నగారికి నా నమస్కారాలు రాయి" అన్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు ఉన్నాయి.

పరీక్ష రోజున ఒక పెద్దాయన, "తన అంకెలు తానే దిద్దుకున్నానని ఒప్పుకునే పరిశీలకుణ్ణి నమ్మి ఒక సిద్ధాంతం కడతారా?" అని అడిగారు. "ఒప్పుకున్న పరిశీలకుడు నాకు ఇతనొక్కడే దొరికాడు. అందుకే కట్టాను" అన్నాను. ఆయన తల ఊపారు. పట్టా ఇచ్చారు. అక్టోబరు నుంచి ఇక్కడే హోల్ట్‌హౌస్‌గారి కింద పని.

మీరు చెప్పినవన్నీ చెప్పినట్టే వేశాను. మీ మాటలు మెత్తబరచలేదు. ఒక్కచోట మాత్రం మీ మాట వినలేదు. ముప్పైఒకటో పుటలో పరిశీలకుల పట్టిక ఉంది. ఎవరు, ఏ పని చేస్తారు అని. అచ్చుకు పంపేముందు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. కోపం వస్తే నన్నే తిట్టండి, అమ్మ జోలికి పోకండి.

మీ కొడుకు,
అన్సెల్మ్


గ్రూన్‌హైన్
1889 జూన్ 21

డాక్టర్ అన్సెల్మ్ ఫెర్బర్‌గారికి (మీ అమ్మ ఇలాగే రాయమంది, కవరు మీద కూడా),

పుస్తకం చేరింది. పెరట్లో కూర్చుని మీ అమ్మకు మొదటినుంచీ చదివి వినిపించాను. పట్టికలు వదిలేస్తానంటే ఒప్పుకోలేదు, అంకెలు కూడా చదివించింది. నా నాలుగు రోజులు వచ్చినప్పుడు గట్టిగానే చదివాను. గొంతు తడబడలేదు. అక్కడ తడబడతానేమోనని భయపడ్డాను.

ముప్పైఒకటో పుట దగ్గర తడబడింది.

స్టోయన్ పేరు, విద్యార్థి. ఇంకెవరిదో పేరు, విద్యార్థి. హోల్ట్‌హౌస్‌గారి పేరు, అధ్యాపకుడు. తర్వాత నా పేరు పూర్తిగా ఉంది, దాని పక్కన "వేధశాల సహాయకుడు" అని ఉంది. మీ అమ్మ "ఏమైంది, ఆపేశారేం?" అంది. పుస్తకం ఆమె చేతిలో పెట్టి ఆ వరుస మీద వేలు పెట్టాను.

నేను ఇప్పుడు సహాయకుణ్ణి కాదని, నన్ను తీసేశారని, శాస్త్ర గ్రంథంలో అలాంటి తప్పు ఉండకూడదని, రెండో ముద్రణలో దిద్దమని నీకు రాద్దామని కలం తీసుకున్నాను. పొద్దుటి నుంచీ అదే ప్రయత్నిస్తున్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఉండనీ.

నాన్న